మంచం పట్టినవారికి ఇంట్లోనే ఊరట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నయం కాని జబ్బుతో ఇంటికి చేరినవారిని చూసుకోవడం గురించి ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ళు అడిగిన ప్రశ్నలివి. జవాబులిచ్చినవారు ఇళ్ళకు వెళ్ళి పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే ఉపశమన సేవ) అందించే వైద్యులు, నర్సులు. మందుల మోతాదులు చెప్పింది మీ డాక్టరు రాసిన చీటీ మీకు అర్థం కావడానికే. చీటీ లేకుండా మొదలుపెట్టడానికి కాదు.

మా అత్తగారికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. విశాఖపట్నంలో రేడియేషన్ అయ్యాక మళ్ళీ తిరగబెట్టింది. ఇక ఇంటికి తీసుకెళ్ళి చూసుకోమన్నారు. శుక్రవారం డిశ్చార్జి. ఇక్కడ ఎవరిని పట్టుకోవాలి? ఏం సిద్ధం చేసుకోవాలి?
— ఒక కోడలు, పర్లాకిమిడి

శుక్రవారం లోపు ఆసుపత్రిలోనే తెముల్చుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది డిశ్చార్జి కాగితం. జబ్బు ఎక్కడిదాకా పాకింది, ఏ చికిత్స అయింది, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత, ఏ మందు ఎన్నింటికి ఎంత, రాత్రివేళ ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఇవన్నీ రాయించుకోండి. క్రియాటినిన్ సంగతి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఈ జబ్బు పెరిగితే మూత్రనాళాల్ని నొక్కుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, అప్పుడు నొప్పి మందుల మోతాదు తగ్గించాల్సి వస్తుంది. అత్తగారికి మూత్రం బాగా తగ్గిపోయి, మగతగా ఉంటే ఆ రోజే డాక్టరుకు చెప్పండి.

రెండోది, మందులు కనీసం రెండు వారాలకు సరిపడా తెచ్చుకోండి. అవి అయిపోయాక ఇంట్లోవాళ్ళు వచ్చి తీసుకెళ్ళవచ్చా, ఏ కాగితాలు తేవాలి అనేది కూడా అక్కడే అడగండి. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అయినా, హైదరాబాద్ ఎం.ఎన్.జె. అయినా నొప్పి, ఉపశమన విభాగం వేరే ఉంటుంది. క్యాన్సర్ డాక్టరు దగ్గర నుంచే నేరుగా ఇంటికి వచ్చేయకుండా ఆ విభాగంలో ఒకసారి చూపించుకుని రండి.

ఊళ్ళో అయితే ముందు ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎమ్‌కు కబురు చేయండి. ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని ఇప్పుడు పిలుస్తున్న కేంద్రాలు ఇవ్వాల్సిన 12 రకాల సేవల్లో పాలియేటివ్ కేర్ ఒకటి. అన్నిచోట్లా సిబ్బందికి అందులో శిక్షణ ఉండదు. అయినా కట్టు మార్చడానికి, మూత్రపు గొట్టం చూడడానికి వాళ్ళే దగ్గర. వీళ్ళు కాక, పిలిస్తే ఇంటికి వచ్చే ఎంబీబీఎస్ డాక్టరు ఒకరిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. ఆయనకు ఫైలు చూపించి, ఒకసారి రోగిని చూపించండి. చివర్లో కాగితాలకు కూడా ఆయన అవసరం పడుతుంది. దాని గురించి ఆఖరి ప్రశ్నలో రాశాం.

సరిహద్దు ఇళ్ళలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. మందుల చీటీ ఇంగ్లీషులో, నర్సు రాసేది ఒడియాలో, చూసుకునేది తెలుగు చదివే కోడలు. ఒడియాలోనూ మరాఠీలోనూ ఒకటి అంకె ఇంగ్లీషు తొమ్మిదిలా కనిపిస్తుంది. నాలుగు చూస్తే ఎనిమిదిలా ఉంటుంది. అందుకని మంచం దగ్గర గోడకు ఒక్కటే చార్టు అంటించండి. సమయాలు, మోతాదు ఇంగ్లీషు అంకెల్లో, పక్కన తెలుగు అక్షరాల్లో "సగం మాత్ర", "ఒక మాత్ర" అని రాయండి. మాత్ర ఇచ్చినవాళ్ళు ఆ గడిలో టిక్కు పెట్టాలి. ఇద్దరు ముగ్గురు చూసుకునే ఇంట్లో రెండుసార్లు ఇచ్చేయడం, అసలు ఇవ్వకపోవడం ఈ టిక్కుతోనే ఆగుతాయి.

మా నాన్నగారికి ఎముకలకు పాకిన క్యాన్సర్. మార్ఫిన్ మాత్రలు రాశారు. అవి మత్తుమందు, అలవాటైపోతుంది, ఊపిరి ఆగిపోతుంది అని మా బావగారు వద్దంటున్నారు. ఓర్చుకోలేనప్పుడు మాత్రమే ఒకటి ఇస్తున్నాం. అప్పుడు కూడా గంటకు గానీ తగ్గడం లేదు. మధ్యలో ఆర్ఎంపీ గారు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేస్తున్నారు.
— ఒక పాఠకుడు, రాయగడ

మీ నాన్నగారి నొప్పి తగ్గకపోవడానికి మార్ఫిన్ బలం చాలకపోవడం కారణమని అనుకోనక్కర్లేదు. ఇచ్చే పద్ధతి తప్పు. మామూలు మార్ఫిన్ మాత్ర పని చేయడానికి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది, నాలుగు గంటలు ఉంటుంది. నొప్పి భగ్గుమన్నాక ఇస్తే ఎప్పుడూ వెనకే పరుగెత్తుతుంది. అందుకే నొప్పి ఉన్నా లేకపోయినా గడియారం చూసి ఇవ్వాలి: పొద్దున్న 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. రాత్రి 10కి రెండింతలు ఇస్తే తెల్లవారుజామున 2 గంటలకు లేపక్కర్లేదు.

ఇదివరకు ఇలాంటి మందులు వాడనివారికి సాధారణంగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. బాగా ముసలివారికి, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి 2.5తో, ఇంకా ఎక్కువ గంటల ఎడంతో. లెక్క ఇలా చూసుకోండి. పూటకు 10 మిల్లీగ్రాములని రాశారనుకుందాం. నాలుగు పూటలు 40, రాత్రి 20, మొత్తం రోజుకు 60. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే ఇచ్చే అదనపు మాత్ర రోజు మొత్తంలో ఆరో వంతు, అంటే 10. అది ఇచ్చినా తర్వాతి పూట మాత్ర మానకూడదు, దాని టైముకు అది పడాలి. అదనపు మాత్ర రోజుకు మూడుసార్లకు మించి కావలసి వస్తోందంటే మొత్తం మోతాదు పెంచాల్సిన టైమొచ్చిందని. ఆ లెక్క డాక్టరుకు ఫోన్‌లో చెప్పండి, మీరే పెంచేయకండి. 10 మిల్లీగ్రాముల మాత్రలైతే 15 రోజులకు 90, రోజుకు రెండు చొప్పున అదనపువి 30. కాబట్టి 120 రాయించుకోవాలి. చాలామంది 90 తెచ్చుకుని పన్నెండో రోజుకే ఖాళీ చేసుకుంటారు.

బావగారి భయాల సంగతి. నొప్పి ఉన్న మనిషికి నొప్పికి తగినంత మోతాదులో ఇచ్చే మార్ఫిన్‌తో వ్యసనం రావడం చాలా అరుదు. శరీరం మందుకు అలవాటు పడడం మాత్రం నిజం, అందుకే హఠాత్తుగా ఆపకూడదు. ఆపితే వణుకు, చెమటలు, కడుపునొప్పి వస్తాయి. ఊపిరి ఆగడమన్నది కొద్ది మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచితే జరిగేది కాదు. మొదటి రెండు మూడు రోజులు నిద్ర ముంచుకొస్తుంది. అన్నాళ్ళూ నొప్పితో నిద్రలేని మనిషి కదా, పడుకోనివ్వండి. పిలిస్తే పలుకుతున్నారా అన్నదే చూడాల్సింది. పిలిచినా లేవకపోవడం, నిమిషానికి ఊపిరులు ఎనిమిదికి తగ్గడం, కంటిపాప సూదిమొనంత కావడం, చేతులు కాళ్ళు ఉలిక్కిపడడం, వీటిలో ఏది కనిపించినా తర్వాతి మాత్ర ఇవ్వకుండా వెంటనే డాక్టరును పిలవండి.

నిజంగా ఇబ్బంది పెట్టేది మలబద్ధకం. మొదట్లో వచ్చే వాంతులు వారంలో తగ్గుతాయి, నిద్రమత్తూ తగ్గుతుంది, ఇది మాత్రం తగ్గదు. మార్ఫిన్ మొదలైన రోజు రాత్రే విరేచనం మందు మొదలు కావాలి: బిసకోడిల్ 5 మిల్లీగ్రాములవి రెండు, లేదా సెన్నా. చీటీలో లేకపోతే అడిగి రాయించుకోండి. ఇసబ్‌గోల్ వద్దు. నీళ్ళు సరిగా తాగని మనిషికి అది పేగులో గట్టిపడి ఇంకా అడ్డంపడుతుంది. మూడు రోజులు విరేచనం కాకుండా, నాలుగో రోజు కొద్దికొద్దిగా నీళ్ళ విరేచనాలు అవుతుంటే అది జారుడు కాదు. లోపల గడ్డకట్టిన మలం పక్కనుంచి నీరు కారుతోందన్నమాట. ఆపడానికి మాత్ర వేస్తే పేగు పూర్తిగా మూసుకుపోతుంది. నర్సును పిలిచి ఎనిమా చేయించండి.

డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ మాత్రం ఆపించండి. ఎముక నొప్పికి ఆ జాతి మందులు పనికొస్తాయి గానీ ఒక లెక్క ప్రకారం, కడుపుకు రక్షణ మందుతో వాడాలి. రోజూ సూదిమందుగా వేస్తూ పోతే మూత్రపిండాలు చెడతాయి, కడుపులో రక్తస్రావం కావచ్చు. మూత్రపిండం చెడితే మార్ఫిన్ ఒంట్లో పేరుకుంటుంది. ఒకే చోట నిలిచిన ఎముక నొప్పికి ఒకటి రెండు రోజుల రేడియేషన్‌తో బాగా ఉపశమనం దొరకవచ్చు, అది కూడా అడగండి. చురుక్కుమని మంటగా, కరెంటు షాకులా ఉంటే అది నరం నొప్పి. దానికి రాత్రి అమిట్రిప్టిలిన్ లాంటి వేరే మందు జత చేస్తారు.

మార్ఫిన్ మామూలు మందుల షాపులో దొరకదు. 2014లో మత్తుపదార్థాల చట్టాన్ని సవరించాక, రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి గుర్తింపు ఉన్న ఆసుపత్రి ఒక్క అనుమతితో నిల్వ పెట్టుకోవచ్చు. పక్క రాష్ట్రం నుంచి తెచ్చుకునేటప్పుడు చీటీ అసలు ప్రతి, డిశ్చార్జి కాగితం జిరాక్సు, రోగి ఆధార్ జిరాక్సు మాత్రల కవర్లోనే పెట్టండి. ఇంట్లో తాళం వేసిన పెట్టెలో ఉంచండి. నడుము నొప్పని ఇంకెవరికీ ఒకటి ఇవ్వకండి. మిగిలినవి తెచ్చిన ఆసుపత్రికే తిరిగి ఇవ్వాలి.

మాత్ర మింగలేనివారికి ఫెంటానిల్ పట్టీ ఉంది. 72 గంటలకోసారి మార్చాలి. దాని మీద వేడినీళ్ళ సంచి పెడితే మందు ఒక్కసారిగా లోపలికి వెళ్తుంది, జాగ్రత్త.

మా పెదనాన్నకు పక్షవాతం, ఏడాదిగా మంచంలోనే. గాలి పరుపు కొన్నాం, అయినా నడుము కింద పుండు పడింది. కరెంటు పోతే పరుపు చప్పబడుతోంది.
— ఒక పాఠకుడు, జైపూర్ (ఒడిశా)

పరుపు కొన్నాక పక్కకు తిప్పడం మానేశారేమో చూడండి. ఎక్కువ ఇళ్ళలో జరిగేది అదే. గాలి పరుపు ఒత్తిడిని తగ్గిస్తుందే తప్ప లేకుండా చేయదు. పగలూ రాత్రీ రెండు గంటలకోసారి తిప్పాల్సిందే. ఎడమ, వెల్లకిల, కుడి అని చార్టు రాయండి. పుండు మానేదాకా వెల్లకిల వద్దు, ఎడమ కుడి మాత్రమే. పూర్తిగా పక్కకు దొర్లిస్తే తుంటి ఎముక మీద బరువు పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి ముప్పై డిగ్రీలు ఒరిగిస్తే చాలు. మోకాళ్ళ మధ్య ఒక దిండు, పిక్కల కింద ఒకటి, మడమలు గాల్లో ఉండాలి.

పరుపు సరిగ్గా పని చేస్తోందా అన్నది ఇలా తెలుస్తుంది. పెదనాన్నగారు పడుకుని ఉండగా, నడుము సరిగ్గా ఉన్నచోట గాలి పరుపు కిందకి అరచెయ్యి వెల్లకిలా దూర్చండి. చేతికీ ఆయన ఎముకకూ మధ్య అంగుళం మందాన గాలి తగలాలి. ఎముక చేతికి తగిలితే గాలి చాలదు, పంపు మీద మీట తిప్పి పెంచండి. రాయిలా ఉంటే తగ్గించండి. ఇంకో తప్పు: గాలి పరుపు మీద బొంత, దాని మీద రబ్బరు షీటు, దాని మీద దుప్పటి. ఇన్ని పొరల మీదకు గాలి ప్రభావం రాదు, పైగా చెమట. గాలి పరుపు మామూలు పరుపు మీద వేసి, పైన ఒక్క నూలు చీర పరవండి. కరెంటు సంగతికి పెద్ద ఇన్వర్టరు అక్కర్లేదు. పంపు తీసుకునేది పది వాట్ల లోపే, చిన్న ఇన్వర్టరు మీద రాత్రంతా ఆడుతుంది.

పైకి జరిపేటప్పుడు చంకల్లో చేతులు వేసి లాగకండి, చర్మం పరుపుకు అంటుకుని లోపల చిరుగుతుంది. పాత నూలు చీర నాలుగు మడతలు వేసి భుజాల నుంచి తొడలదాకా కింద ఉంచి, అటొకరు ఇటొకరు పట్టి ఎత్తి జరపాలి. గుండ్రటి రబ్బరు రింగు మీద కూర్చోబెట్టకండి, అది చుట్టూ రక్తం ఆపి పుండును పెద్దది చేస్తుంది. ఎర్రబడ్డ చోటును రుద్దకూడదు. వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. పుండు కడగడానికి అరలీటరు మరిగించి చల్లార్చిన నీళ్ళలో ఒక టీ చెంచా ఉప్పు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడితే కొత్తగా వస్తున్న కండ కూడా కాలిపోతుంది.

మా అమ్మ వారం నుంచి రెండు చెంచాల జావ కూడా తాగడం లేదు. అన్నం పెట్టకుండా చంపుతున్నారని చుట్టాలు అంటున్నారు. రోజూ రెండు గ్లూకోజు బాటిళ్ళు ఎక్కిస్తున్నాం. ముక్కులో గొట్టం వేయించమంటారా?
— ఒక కూతురు, సిరొంచ

అమ్మగారి జబ్బు ఏ దశలో ఉందో మీ ఉత్తరంలో లేదు, అందుకని రెండు విధాలుగా చెబుతాం. గొంతులోనో అన్నవాహికలోనో అడ్డం ఉండి, ఆకలి ఉండీ మింగలేకపోతుంటే గొట్టం పనికొస్తుంది. కూర్చోబెట్టి లేదా తల వైపు బాగా ఎత్తి, ఒక్కో విడత 200 మిల్లీలీటర్లు, రెండు మూడు గంటలకోసారి, బట్టతో వడగట్టిన జావ, పప్పుకట్టు, పాలు. ముందూ తర్వాతా 30 మిల్లీలీటర్ల నీళ్ళతో గొట్టం కడగాలి. పోశాక అరగంట పడుకోబెట్టకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కు దగ్గర గొట్టం మీద పెన్నుతో గీత పెట్టుకోండి. ఆ గీత బయటికి జరిగితే ఏమీ పోయకుండా నర్సును పిలవాలి. మెల్లగా కరిగే రకం మాత్రల్ని పొడి చేసి గొట్టంలో వేయకూడదు.

అలా కాకుండా రోజులో ఎక్కువసేపు నిద్రలో ఉంటూ, మంచం దిగలేక, మాట తగ్గి తిండి మానేసి ఉంటే, శరీరమే తిండిని అడగడం లేదు. అప్పుడు తినకపోవడం వల్ల చనిపోవడం లేదు, చనిపోయే దశ కాబట్టి తినడం లేదు. చుట్టాలకు డాక్టరు నోటితో ఈ మాట చెప్పించండి, మీరు చెబితే వినరు. ఆ దశలో గ్లూకోజు బాటిలు బలం ఇవ్వదు. అరలీటరు ఐదు శాతం గ్లూకోజులో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు. ఆ నీళ్ళను బయటికి పంపే శక్తి ఒంటికి లేదు. కాళ్ళు చేతులు ఉబ్బుతాయి, గొంతులో కఫం గురగురలాడుతుంది, ఆయాసం పెరుగుతుంది. వాటికి పెట్టే డబ్బు రాత్రి తోడుండే మనిషికి ఇస్తే మీకు నాలుగు గంటలు నిద్రయినా దక్కుతుంది.

నోరు ఎండడమే ఆ సమయంలో అసలు బాధ. రెండు గంటలకోసారి తడి నూలుగుడ్డ వేలికి చుట్టి చిగుళ్ళు, నాలుక, బుగ్గల లోపల తుడవండి. పెదాలకు వెన్నో కొబ్బరినూనో రాయండి. నాలుక మీద తెల్లటి పొర కడితే ఫంగస్, మందు చుక్కలున్నాయి, డాక్టరుకు చెప్పండి. తులసి తీర్థం ఇవ్వాలనుకుంటే పెదాల మీద తడి అద్దండి. నోట్లో పోస్తే పొరబోతుంది.

ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న మా తాతయ్యకు ఆయాసం. ఆక్సిజన్ మిషన్ కొనమంటున్నారు.
— ఒక మనవరాలు, బరంపురం

వేలికి పెట్టే మీటరులో విశ్రాంతిగా ఉన్నప్పుడు 90 కంటే తక్కువ చూపిస్తుంటే ఆక్సిజన్ సాయపడుతుంది. 94, 95 ఉండీ ఆయాసపడుతుంటే దాంతో పెద్దగా లాభం ఉండదు. ముందు టేబుల్ ఫ్యాను ముక్కుకూ పెదాలకూ గాలి తగిలేలా పెట్టండి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది, కానీ ముఖానికి తగిలే గాలే ఆయాసపు భావనను తగ్గిస్తుంది. ఆయన ఎదురుగా ఉన్న బల్ల మీద దిండు వేసి దాని మీదకు వాలి కూర్చోబెట్టండి. నొప్పి లేకపోయినా ఆయాసానికి చిన్న మోతాదు మార్ఫిన్ ఇస్తారు, భయపడకండి.

మిషన్ కొనకండి, అద్దెకు తీసుకోండి. ఐదు లీటర్ల మిషన్ మూడు వందల వాట్ల పైనే లాగుతుంది. కరెంటు పోతే పక్కన ఒక బి-టైపు సిలిండరు ఉండాలి. నిండు సిలిండరులో దాదాపు 1500 లీటర్లు. నిమిషానికి 2 లీటర్లు వాడితే పన్నెండు గంటలు, 5 వాడితే ఐదు గంటలు. ఆక్సిజన్ ఉన్న గదిలో దీపం, అగరబత్తి, బీడీ వద్దు.

మా పిన్నికి రొమ్ము మీద పుండు. వాసనకు ఇంట్లో పిల్లలు ఆ గదిలోకి వెళ్ళడం లేదు. ఆమె కూడా సిగ్గుతో ఎవరినీ రానివ్వడం లేదు.
— ఒక పాఠకురాలు, ధర్మాబాద్

ఈ వాసన పుండులో పెరిగే సూక్ష్మజీవుల వల్ల, తగ్గించవచ్చు. మెట్రోనిడజోల్ 400 మిల్లీగ్రాముల మాత్రలు మెత్తగా పొడి చేసి, ఉప్పునీళ్ళతో కడిగి అద్దిన పుండు మీద రోజుకొకసారి చల్లి కట్టు కట్టాలి. చాలామందికి కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. ఎన్ని మాత్రలో పుండు సైజు చూసి నర్సు చెబుతారు. పాత కట్టు ఎండి అంటుకుంటే లాగొద్దు, ఉప్పునీళ్ళు పోసి పది నిమిషాలు నానబెట్టండి. లాగితేనే రక్తం. కట్టు మార్చే అరగంట ముందు నొప్పి మాత్ర వేయండి. గదిలో సెంటు కొడితే రెండు వాసనలు కలిసి ఇంకా వెగటు పుడుతుంది, మంచం కింద పళ్ళెంలో బొగ్గులు పెట్టడం మేలు. రక్తం చిమ్మితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా గట్టిగా నొక్కండి, మధ్యలో తీసి చూడకండి. ముదురు రంగు తువ్వాళ్ళు దగ్గర ఉంచండి, తెల్లగుడ్డ మీద రక్తం చూసి అందరూ బెదిరిపోతారు.

చివరి రోజుల్లో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పడం లేదు. ఇంట్లోనే పోతే పోలీసులు, సర్టిఫికెట్ ఇబ్బందులు ఉంటాయా?
— ఒక పాఠకుడు, గుణుపూర్

చేతులు కాళ్ళు చల్లబడి మచ్చలు మచ్చలుగా మారతాయి, మూత్రం తగ్గుతుంది, ఊపిరి కాసేపు ఆగి మళ్ళీ వస్తుంది. గొంతులో గురగుర వింటే చుట్టూ ఉన్నవారికే కష్టం, సాధారణంగా ఆ మనిషికి అది తెలియదు. పక్కకు ఒరిగించండి. కఫం పీల్చే మిషను గొట్టం గొంతు లోపలిదాకా పెట్టనివ్వకండి. కఫం ఊరకుండా గ్లైకోపైరోలేట్ లాంటి ఇంజెక్షన్ ఉంది. మింగలేకపోయినా నొప్పి మందు ఆగకూడదు. ఛాతీ మీదో జబ్బ మీదో చర్మం కింద సన్నటి బటర్‌ఫ్లై సూది పెట్టి వదిలేస్తే దాని ద్వారానే మందులు ఇవ్వవచ్చు. ఎలా ఇవ్వాలో ఇంట్లోవాళ్ళకు నర్సు నేర్పుతారు. ఆ మందులన్నీ ఒక డబ్బాలో ముందే సిద్ధంగా ఉండాలి, అర్ధరాత్రి గుణుపూర్‌లో వెతికితే దొరకవు.

జబ్బుతో ఇంట్లో సహజంగా చనిపోతే పోలీసులతో పని లేదు. చూస్తూ వచ్చిన డాక్టరు మరణకారణ ధ్రువపత్రం ఇస్తారు. ఇంట్లో జరిగిన మరణానికి అది 4ఎ ఫారం. నమోదు 21 రోజుల్లో, మరణం జరిగిన చోటే చేయించాలి. సొంతూరు పార్వతీపురం అయినా పోయింది గుణుపూర్‌లో అయితే ఇక్కడే. ఆఖరి గంటల్లో విశాఖకు తరలిస్తే, ఆసుపత్రిలో పోతే అక్కడే. ఒడిశా పల్లెల్లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనూ, మహారాష్ట్ర పల్లెల్లో గ్రామ పంచాయతీలోనూ నమోదు చేస్తారు. ఫారంలో పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్న ఇంగ్లీషు స్పెల్లింగు చూసి అక్షరం అక్షరం రాయించండి. తెలుగు ఇంటిపేరు ఒడియాలోకి వెళ్ళి మళ్ళీ ఇంగ్లీషులోకి వచ్చేసరికి మారిపోతుంది, తర్వాత బ్యాంకులో, పింఛను ఆఫీసులో ఆ ఒక్క అక్షరం కోసం తిరగాల్సి వస్తుంది.